తోడి గాంధారం పలకాలి, పెళ్లి పందిట్లో హమ్ రాకూడదు: ఒక గిటార్ ఎంపిక

మాఘమాసం ముహూర్తాలు అయిపోయిన వారం. తిరుపతిలో నా వర్క్‌షాప్‌కు ఒక గిటారిస్టు వచ్చాడు. నాకు పాత పరిచయమే. వయసు ముప్పై దాటింది, పదేళ్లకు పైగా ఆర్కెస్ట్రాల్లో వాయిస్తున్నాడు. ఫ్రెట్లు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) అరిగిపోయాయి, మార్చాలి అంటూ పాత గిటార్‌ను బల్ల మీద పెట్టాడు. నేను తీగలు విప్పుతుంటే ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. పులిచారల్లాంటి మేపుల్ టాప్, ఫ్రెట్‌బోర్డ్ నిండా ఎగిరే పక్షులు. పీఆర్‌ఎస్ కస్టమ్ 24.

"అన్నా, దీన్ని తెప్పించుకుందామని అనుకుంటా ఉండాను. అన్నిటికీ ఇదొక్కటి ఉంటే చాలంట కదా?"

"అన్నిటికీ అంటే? ఏమేమిటికి తమ్ముడూ?"

"అన్నిటికీ అన్నా. పెళ్లిళ్లు, చర్చి, కీర్తనలు, కాలేజీ ఫెస్టులు..."

బడ్జెట్ 3 లక్షలు. నాలుగేళ్లుగా కూడబెట్టిన డబ్బు. నేను గిటార్లు అమ్మను. సెటప్, ఫ్రెట్ల పని, పికప్‌ల (తీగల కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాల) వైరింగ్ చేస్తాను. కొనేముందు ఎవరైనా తోడు రమ్మంటే వెళ్తాను. కాబట్టి అతను ఏది కొన్నా నాకొచ్చేదీ లేదు, పోయేదీ లేదు. కానీ ఈ "అన్నిటికీ ఒకటే" అనే మాట నా దగ్గరికి నెలకొకసారైనా వస్తుంది. చాలామంది దానికి ఒకటే అర్థం చెప్పుకుంటారు: ఎక్కువ పికప్‌లు, ఎక్కువ స్విచ్‌లు, ఎక్కువ టోన్లు. ఈ కేసులో ఆ అర్థం ఎక్కడ తప్పిందో రాయాలని కూర్చున్నాను.

అతనికి ఒక చిన్న నోటుపుస్తకం ఇచ్చాను. నెల రోజులపాటు ప్రతి ప్రోగ్రాం అయ్యాక రెండు మూడు లైన్లు రాయమన్నాను. ఏం వాయించావు, ఏ పికప్ వాడావు, ఎక్కడ ఇబ్బంది పడ్డావు. అంతే.

నెల తర్వాత పుస్తకం తెచ్చాడు. మొత్తం పదకొండు ప్రోగ్రాంలు. ఆరు పెళ్లి రిసెప్షన్లు, రెండు ఆదివారాలు చర్చిలో ఆరాధన, రెండు అన్నమయ్య కీర్తనల ఫ్యూజన్ కచేరీలు, ఒక కాలేజీ ఫెస్ట్. ఇబ్బందుల వరుస చదువుతుంటే నాకే ఆశ్చర్యం వేసింది. "నాకు కావలసిన టోన్ రాలేదు" అన్న మాట ఒక్కసారే ఉంది, అదీ ఫెస్ట్‌లో, డిస్టార్షన్ పలచగా ఉందని. మిగతావన్నీ వేరే. పెళ్లిళ్లలో హమ్, అంటే స్పీకర్లలో గుయ్‌మనే మోత. మూడు గంటలు నిలబడేసరికి భుజం నొప్పి. పాటకూ పాటకూ మధ్య మార్చుకునే టైం ఉండదు. ఇక కీర్తనల దగ్గర రెండుసార్లూ ఒకే వాక్యం, కింద గీత కూడా గీశాడు: "గమకం లాగితే స్వరం చచ్చిపోతోంది."

అంటే నాలుగు రకాల సంగీతం వాయిస్తున్నా, అతని గిటార్‌కు నిజమైన పరీక్ష పెడుతున్నవి రెండే: ఎడమచేతి వేళ్లు, మండపాల్లోని కరెంటు. టోన్ల సంగతి అతని దగ్గరున్న ప్రాసెసరే (గిటార్ శబ్దాన్ని మార్చే పెట్టె) చాలావరకు చూసుకుంటోంది. ఎంపిక అక్కడి నుంచి మొదలుపెట్టాం.

ముందు గమకం సంగతి. ఇది కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే గిటార్ రివ్యూల్లో ఈ విషయం ఎవరూ పట్టించుకోరు.

తోడి రాగం తీసుకోండి. అందులో గాంధారం నిలబడి ఉండే స్వరం కాదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. గిటార్ మీద దాన్ని పలికించాలంటే రిషభం ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి, మధ్యమం దాకా అడ్డంగా లాగి, మళ్లీ వదలాలి. శుద్ధ రిషభం నుంచి శుద్ధ మధ్యమానికి నాలుగు స్వరస్థానాల దూరం. రాక్, బ్లూస్ వాయించేవాళ్లు మామూలుగా లాగేది రెండు. అంటే ఆ గిటార్లను డిజైన్ చేసినవాళ్లు అనుకున్నదానికి రెట్టింపు దూరం మనవాడు రోజూ లాగుతున్నాడు. నాలుగు స్థానాలు పెంచాలంటే ఆ తీగ బిగువు దాదాపు 60 శాతం పెరగాలి. వేలికి ఆ భారం తెలుస్తుంది. ఫ్రెట్‌కు కూడా తెలుస్తుంది.

అందుకని మూడు విషయాలు చూడాలి. మొదటిది ఫ్రెట్‌బోర్డ్ వంపు, అంటే రేడియస్. పాతకాలపు ఫెండర్ గిటార్లలో ఇది 7.25 అంగుళాలు, బాగా గుండ్రం. కార్డ్స్ పట్టుకోవడానికి చేతికి హాయిగా ఉంటుంది. కానీ యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) తక్కువ పెట్టుకుని తీగను దూరంగా లాగితే, ఆ వంపు ఎక్కి పై ఫ్రెట్లకు తగిలి చోక్ అయిపోతుంది. "స్వరం చచ్చిపోవడం" అంటే ఇదే. రేడియస్ 10, 12 అంగుళాలకు పెరిగేకొద్దీ బోర్డు చదునవుతుంది, లాగినా స్వరం నిలుస్తుంది. అతని పాత గిటార్‌ను కొలిస్తే 7.25 వచ్చింది. దానికితోడు ఫ్రెట్ల మీద గాడులు.

రెండోది స్కేల్ పొడవు, నట్ (మెడ చివరి పట్టీ) నుంచి బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే చోటు) దాకా తీగ కంపించే దూరం. ఫెండర్ పద్ధతిలో 25.5 అంగుళాలు, గిబ్సన్ పద్ధతిలో 24.75, పీఆర్‌ఎస్‌లో ఎక్కువ మోడళ్లకు ఆ రెండిటి మధ్యలో 25. అదే తీగ, అదే శ్రుతి అయితే 25.5 కంటే 24.75లో బిగువు సుమారు 6 శాతం తక్కువ. వినడానికి చిన్న అంకె. కచేరీలో రెండో గంటలో చిన్నది కాదు. అయితే దీనికి ఇంకో దారి ఉంది: పొడుగు స్కేల్ మీద 10 గేజ్ (తీగ మందం) బదులు 9 గేజ్ తీగలు వేసుకోవడం. పై తీగలో దాదాపు 20 శాతం బిగువు తగ్గుతుంది. కాబట్టి స్కేల్ కోసమే గిటార్ మార్చుకోనక్కర్లేదు.

మూడోది ఫ్రెట్ల లోహం. మామూలు ఫ్రెట్లు నికెల్ సిల్వర్. పేరులో వెండి ఉన్నా అది రాగి, నికెల్, జింక్ కలిసిన మెత్తటి లోహం. రోజూ అడ్డంగా రాపిడి పెడితే గాడులు పడతాయి. అతని గిటార్‌కు నేనే ఏడాదిన్నర కింద ఫ్రెట్లు సాపు చేశాను, మళ్లీ గాడులు. గమకాలు వాయించేవాడికి స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్రెట్లు సోకు కాదు, ఖర్చు తగ్గించే పని.

ఇక్కడ ఒక మాట. ఎలక్ట్రిక్ వాద్యం మీద కర్ణాటక సంగీతం అనగానే మనకు గుర్తొచ్చేది పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్. మాండొలిన్‌కు మామూలుగా జంట తీగలు నాలుగు జతలు ఉంటాయి. ఆయన వాయించిన ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు ఒంటి తీగలు అయిదు. జంట తీగలను కలిపి లాగి గమకం పలికించడం ఎంత కష్టమో చేసి చూస్తే తెలుస్తుంది. ఏ వాద్యం గొప్పది అని అడిగే ముందు, నా వేలు అడిగేదేంటి అని అడగాలని నేను ప్రతి కుర్రాడికీ ఈ ఉదాహరణే చెప్తాను.

ఇక హమ్. సింగిల్ కాయిల్ పికప్ అంటే అయస్కాంతం చుట్టూ చుట్టిన సన్నటి రాగి తీగ. గిటార్ తీగల కంపనాన్ని పట్టినట్టే చుట్టూ ఉన్న కరెంటు వైర్ల 50 హెర్ట్జ్ గుయ్‌మనే శబ్దాన్ని కూడా పడుతుంది. రెండు కాయిళ్లను తిరగేసి చుట్టి, అయస్కాంతాన్నీ తిరగేసి పక్కపక్కన పెడితే హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగ శబ్దం మాత్రం కలుస్తుంది. గిబ్సన్‌లో సెథ్ లవర్ 1955లో పేటెంట్‌కు దరఖాస్తు చేసిన హంబకర్ ఇదే. 1957 నుంచి లెస్ పాల్ గిటార్లలో వస్తోంది. ఇంతవరకు అందరికీ తెలుసు.

తెలియనిది మన మండపాలు. ఒక రిసెప్షన్‌కు నేనూ వెళ్లాను, ప్లగ్ సాకెట్‌లో పెట్టి చూసే టెస్టర్ జేబులో వేసుకుని. స్టేజి వెనక సాకెట్లో ఎర్త్ లేదు. మూడో రంధ్రం అలంకారానికే. జనరేటర్ నుంచి లాగిన లైన్, దాని మీదే సీరియల్ లైట్లు, డిమ్మర్లు, ఎల్‌ఈడీ వాల్. ఇట్లాంటి చోట ఎంత ఖరీదైన గిటార్ తెచ్చినా హమ్ కొంత ఉంటుంది. హమ్ కన్నా పెద్ద సంగతి ఇంకోటి: గిటార్ తీగలు గ్రౌండ్‌కు కలిసి ఉంటాయి. ఎర్త్ సరిగా లేని స్టేజి మీద చేయి తీగల మీద, పెదవి మైకు మీద పెడితే షాక్ కొట్టే ప్రమాదం ఉంది. ఆ టెస్టర్‌ను అతనికే ఇచ్చేశాను. గిటార్ కొనకముందే అతని హమ్ సమస్యలో సగం తీరింది. మైక్‌సెట్ వాళ్లతో ముందే మాట్లాడి, ఆర్కెస్ట్రాకు లైట్లతో సంబంధం లేని లైన్ అడగడం మొదలుపెట్టాడు.

మిగతా సగానికి గిటార్ కావాలి.

చెన్నైకి పొద్దున రైల్లో వెళ్లాం. అతని ప్రాసెసర్, నా కొలతల పరికరాలు, ఫోన్‌లో తంబురా యాప్. దుకాణంలో చూసినవి మూడు: హెచ్‌ఎస్‌ఎస్ పికప్‌ల అమరిక ఉన్న స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్), లెస్ పాల్, ఐబనెజ్ ఏజడ్ (AZ) ప్రెస్టీజ్. పీఆర్‌ఎస్ కస్టమ్ 24 బెంగళూరులో ఉన్న నా మిత్రుడి దగ్గర ఉంది, దాన్ని మరో రోజు చూశాం. అన్నీ మంచి గిటార్లే. ఆ ధరలో చెడ్డ గిటార్ దొరకడం కష్టం, కాబట్టి "ఏది బెస్ట్" అన్న ప్రశ్న అక్కడ పనిచేయదు.

లెస్ పాల్ మీద ఎక్కువ రాయను. బ్రిడ్జి పికప్‌తో ఒక్క కార్డ్ కొట్టగానే అతని ముఖం వెలిగిపోయింది. ఆ మందం వేరే దాంట్లో రాదు. 1952లో మొదలైన డిజైన్ ఇన్నేళ్లు ఊరికే బతకలేదు. కానీ మహాగనీ బాడీ, పైన మేపుల్, బరువు. పట్టీ వేసుకుని ఇరవై నిమిషాలు నిలబడి వాయించమన్నాను. పదిహేనో నిమిషంలో భుజం సవరించుకున్నాడు. ఫెస్ట్ ఏడాదికి రెండు, పెళ్లిళ్లు నెలకు ఆరు. లెక్క తేలిపోయింది.

పీఆర్‌ఎస్ దగ్గర నేను కూడా కాసేపు మనసు పారేసుకున్నాను. పాల్ రీడ్ స్మిత్ 1985లో కంపెనీ పెట్టినప్పటి నుంచి ఆ కస్టమ్ గిటార్ ఉద్దేశమే ఫెండర్‌కూ గిబ్సన్‌కూ మధ్య నిలబడటం. చేతిలో అట్లాగే ఉంటుంది. రేడియస్ 10 అంగుళాలు, లాగితే స్వరం బాగా నిలిచింది. రెండు అడ్డంకులు. అమెరికాలో తయారయ్యే అసలు మోడల్ మా 3 లక్షల్లోకి రాదు. ఇండొనేషియాలో తయారయ్యే ఎస్ఈ వస్తుంది, మంచి గిటారే, కానీ రెండో అడ్డంకి దానికీ ఉంది: 24 ఫ్రెట్లు. ఫ్రెట్లు ఎక్కువైతే నెక్ పికప్ (మెడ పక్కనే ఉండేది) బ్రిడ్జి వైపు జరగాలి. 22 ఫ్రెట్ల గిటార్‌లో నెక్ పికప్ దాదాపు తీగ పొడవులో నాలుగో వంతు దగ్గర కూర్చుంటుంది. గుండ్రంగా, వీణ మంద్రాన్ని గుర్తుచేసే శబ్దం అక్కడే వస్తుంది. అతను కీర్తనలకు వాడేది అదొక్కటే. పైనున్న రెండు ఫ్రెట్లు నోటుపుస్తకంలో ఒక్కసారి కూడా రాలేదు.

మిగిలినవి రెండూ హెచ్‌ఎస్‌ఎస్: బ్రిడ్జి దగ్గర హంబకర్, మధ్యలో ఒకటి, నెక్ దగ్గర ఒకటి సింగిల్ కాయిల్. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ మూడు సింగిల్ కాయిళ్లదే. బ్రిడ్జి దగ్గర హంబకర్ తర్వాత కాలం జోడింపు. ఈ అమరికలో ఒక సుగుణం ఉంది. మధ్య పికప్‌ను తిరగేసి చుడతారు కాబట్టి, స్విచ్‌ను నాలుగో స్థానంలో, అంటే మధ్య, నెక్ పికప్‌లు కలిసే చోట పెడితే సింగిల్ కాయిల్ శబ్దమే వస్తుంది, హమ్ మాత్రం పోతుంది. పెళ్లిళ్లలో మెలోడీ పాటలన్నీ నాలుగో స్థానంలో, మాస్ పాటలు హంబకర్ మీద. ఒక్క వేలి పని. పాటకూ పాటకూ మధ్య టైం లేదన్న గొడవ కూడా అక్కడే తీరింది.

రెండింట్లో ఐబనెజ్ వైపు మొగ్గాం. 2018లో వచ్చిన ఈ ఏజడ్ సిరీస్‌లో, జపాన్‌లో తయారయ్యే ప్రెస్టీజ్ మోడల్‌కు స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్రెట్లు, 12 అంగుళాల రేడియస్, వేడిచేసి తేమ తీసిన మేపుల్ నెక్. మేం చూసినది 22 ఫ్రెట్లది. చిన్న అదనపు స్విచ్ ఒకటి ఉంది, దాంతో తొమ్మిది కలయికలు వస్తాయంటారు. మేం అందులో నాలుగు వాడతామేమో. తోడి గాంధారం పై ఫ్రెట్లలో కూడా చోక్ కాకుండా నిలిచింది. స్ట్రాట్‌ను కూడా నేను యాక్షన్ కాస్త పెంచి సరిచేయగలిగేవాణ్నే, ఫ్రెట్లు మాత్రం తర్వాత మార్చాల్సి వచ్చేది.

తిరుపతికి వచ్చాక, కొనకముందు, ఇంకో పని చేశాం. చూసినప్పుడే అన్నిటి మీదా ఒకే పెళ్లి పాట అతను వాయించగా ఫోన్‌లో రికార్డు చేసి ఉంచాను. కీబోర్డు, రిథమ్ ప్యాడ్స్ ట్రాక్ మీద కలిపి, పేర్లు చెప్పకుండా వినిపించాను. నాలుగింట్లో మూడు తప్పు చెప్పాడు. పీఆర్‌ఎస్ అనుకుని లెస్ పాల్‌ను చూపించాడు. "అట్లయితే ఇన్ని లక్షలు ఎందుకన్నా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. జనం వినేదాని కోసం కాదు, నీ వేలికి, నీ భుజానికి, నీ ఫ్రెట్ల ఆయుష్షుకు పెడుతున్నావు అన్నాను. అది ఒప్పుకోబుద్ధి కాకపోతే లక్షలో ఆపెయ్, మంచి గిటార్లు ఉన్నాయి అని కూడా అన్నాను. రెండు రోజులు ఆలోచించి ఐబనెజ్ తీసుకున్నాడు.

ఈలోగా వాళ్ల మామ ఒకాయన వర్క్‌షాప్‌కు వచ్చి, "ఇంత పోసి జపాన్‌ది ఎందుకు సామీ, మన శేషాచలం ఎర్రచందనంతో ఒకటి చేయలేవా?" అని అడిగాడు. మన ఎర్రచందనం జపాన్‌లో షామిసెన్ అనే వాద్యానికి వాడతారు, అది నిజం. కానీ నీళ్లలో వేస్తే మునిగే కలప, ఆ బాడీతో గిటార్ చేస్తే లెస్ పాల్ దూదిలా అనిపిస్తుంది. ఆపైన నన్ను వెతుక్కుంటూ టాస్క్‌ఫోర్స్ వస్తుంది. ఆయన నవ్వి టీ తాగి వెళ్లాడు.

ఇప్పుడు నా తప్పు.

ఆ గిటార్ ట్రెమొలో (కడ్డీతో తీగలన్నిటి శ్రుతినీ ఒకేసారి ఊపే బ్రిడ్జి) ఫ్యాక్టరీ నుంచి తేలుతూ వస్తుంది. ఒకవైపు తీగల బిగువు, వెనక స్ప్రింగుల బిగువు, రెండూ సరితూగి బ్రిడ్జి గాల్లో నిలబడుతుంది. చర్చిలో పాటల చివర ఆ కడ్డీ మెల్లగా ఊపడం అతనికి ఇష్టం, అందుకని అట్లాగే ఉంచి సెటప్ చేశాను. మొదటి ఫ్యూజన్ కచేరీకి నేనూ వెళ్లాను. కింది షడ్జమం తీగ మోగిస్తూ, దాని మీద గాంధారం లాగాడు. గాంధారం బ్రహ్మాండంగా పలికింది. షడ్జమం కిందికి జారింది. గాయని తల తిప్పి చూసింది. నాకు కూర్చున్నచోటే చెమట పట్టింది.

కారణం చిన్నదే. ఒక తీగను అంత గట్టిగా లాగితే తేలే బ్రిడ్జి ముందుకు వంగుతుంది, మిగతా తీగలన్నీ వదులవుతాయి. ఇది నాకు తెలియని విషయం కాదు. దుకాణంలో ఎందుకు దొరకలేదంటే, అక్కడ షడ్జమం ఇచ్చింది తంబురా యాప్. యాప్ శ్రుతి వంగదు. ఒంటి తీగ లాగి చూసి సంబరపడ్డాం. గమకాలు వాయించేవాళ్లు తేలే బ్రిడ్జి ఉన్న గిటార్ చూసేటప్పుడు పక్క తీగ మోగిస్తూ లాగి చూడాలి. నేను చూడలేదు.

మర్నాడే వెనక మూత తీసి, ఉన్న మూడు స్ప్రింగులకు ఇంకో రెండు కలిపి, స్ప్రింగులను పట్టి ఉంచే క్లా స్క్రూలు బిగించి బ్రిడ్జిని బాడీ మీద ఆనించేశాను. బ్రిడ్జి కిందికి దిగడంతో యాక్షన్ మళ్లీ పెట్టాలి, ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా శ్రుతి సరిపోతోందా అన్నది) మళ్లీ చూడాలి, మూడు గంటల పని. ఇప్పుడు కడ్డీ కిందికి నొక్కొచ్చు, పైకి లాగడానికి లేదు. షడ్జమం కదలడం లేదు. అతను పైకి లాగేది ఏడాదికి ఎన్నిసార్లో నోటుపుస్తకం చూస్తే ముందే తెలిసేది.

ఏడాది దాటింది. స్టీల్ ఫ్రెట్ల మీద ఒక్క గాడి లేదు. మే ఎండల్లో ట్రస్ రాడ్ (నెక్ వంపును సరిచేసే లోపలి కడ్డీ) పావు చుట్టు తిప్పాను, నవంబరు వానల్లో ముట్టుకోలేదు. ఫెస్టుల్లో డిస్టార్షన్ లెస్ పాల్ అంత మందంగా లేదు, అది ఇద్దరికీ తెలుసు. ప్రాసెసర్లో మిడ్స్ పెంచి సర్దుకుంటున్నాడు. నెక్ పికప్ ఒంటరిగా వాడితే హమ్ ఉంటుంది, కాబట్టి అది కీర్తనలకే, ఎర్త్ చూసుకున్నాకే. మిగిలిన డబ్బులో ఒక హార్డ్ కేస్, రెండు మంచి కేబుళ్లు కొన్నాడు.

పాత గిటార్ ఇప్పుడు నా దగ్గరే గోడకు వేలాడుతోంది, తీగలు లేకుండా. అతను మొదట వచ్చింది దాని ఫ్రెట్ల కోసమే. వచ్చే ఆషాఢంలో, ముహూర్తాలు ఉండవు కాబట్టి, ఆ పని పెట్టుకున్నాం.